ప్రశ్నించడం నేర్పే కాలేజీ

అడిగినవారికే దొరుకుతుందని లేఖనం చెబుతుండగా, అడగవద్దనే చోటికి మీ బిడ్డను పంపుతారా?

ప్రవేశాల అధికారి తల్లీకూతుళ్లను చూసి సున్నం కొట్టిన సమాధిలా తెల్లగా నవ్వాడు. "మాది చిన్న కాలేజీయే అమ్మా. కానీ పిల్లలకు ప్రశ్నించడం నేర్పుతాం!"

తత్వశాస్త్రం కోసమే వచ్చిన కూతురు వెంటనే అందుకుంది. "తత్వశాస్త్రం ఎవరు చెబుతారు సార్?"

"ప్రశ్నలు కాలేజీలో చేరాక అడుగుదువుగాని, తల్లీ."

"ఒక్కరి పేరైనా చెప్పండి సార్."

"ఊరుకోవే!" అని తల్లి మోచేత్తో పొడిచింది.

"పిల్లకు నోరెక్కువమ్మా. మా దగ్గర ఇమడదు," అని ఆయన దరఖాస్తు వెనక్కి తోశాడు.

గేటు బయట కూతురు ఏడ్చింది. "నా సీటు పోయిందమ్మా!"

"పోతే పోనీవే. పాఠం చెప్పేవాళ్లుంటే పేరు చెప్పడూ?"

లోపల ఇంకా వరసలో కూర్చున్న తల్లిదండ్రులారా, ఆ పిల్ల ప్రశ్న మీరు అడగండి. ఇవాళే, సంతకం పెట్టకముందే అడగండి!