పుచ్చకాయ కూర్చున్న సీటు

బస్సు దిగీ దిగగానే, కాలరు అని పిలిచే ఆవిడ వెనక్కి వెళ్లిపోతానని కూర్చుంది. మాటవరసకు కాదు, బస్టాండు బెంచీ మీద బ్యాగు ఒళ్లో పెట్టుకుని నిజంగానే కూర్చుంది.

"మీరిద్దరూ వెళ్లి రండి. నేను తిరుగు బస్సెక్కేస్తా."

గొడవంతా ఒక పుచ్చకాయ గురించి. అది కూడా ఇవాళ్టి పుచ్చకాయ కాదు, పెళ్లిళ్లు కాకముందు నాటిది. అప్పట్లో ఈ ముగ్గురూ చొక్కాలు కుట్టే కంపెనీలో ఒకే బల్ల దగ్గర పనిచేసేవాళ్లు. ఒకామె కాలర్లు బిగించేది, ఒకామె జేబులు వేసేది, ఒకామె గుండీలు కుట్టేది. కంపెనీ మూతపడి ఎన్నాళ్లయిందో గానీ కాలరు, జేబు, గుండీ అన్న పేర్లు మాత్రం వాళ్లని వదల్లేదు. ఆ రోజుల్లోనే ఒక సెలవు నాడు ఈ ఊరి బీచికి వేసిన ట్రిప్పులో, చల్లబడుతుందని తడి ఇసుకలో పెట్టిన పుచ్చకాయని అల వచ్చి ఎత్తుకుపోయింది. తప్పు ఎవరిదన్నది ఇప్పటికీ తేలలేదు. ఇందాక బస్సులో జేబు నలుగురూ వినేలా, కాయని సముద్రం పాలు చేసిన మహాతల్లి ఈవిడేనని కాలరుని చూపించింది. అంతే, తగువు ముదిరింది.

మధ్యలో నలిగిపోతున్నది గుండీ. ఈ ప్రయాణం పెట్టించిందే తను. ఒకరి మనవడి పుట్టినరోజూ, ఇంకొకరి మోకాలి నొప్పీ దాటించి, ఇద్దరి వెంటా పడి, కాళ్లావేళ్లా పడి బయల్దేరదీసింది. సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవాలి. ఇప్పుడు గానీ ఈ మహారాణి వెనక్కి తిరిగితే మళ్లీ ముగ్గురికీ కుదిరేది కలలో మాటే. ఇంత దూరం వచ్చి సముద్రం చూడకుండా వెళ్లడమా? తలచుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చేలా ఉంది.

"నువ్వు చెప్పవే," అంది కాలరు ఆమెతో. "కాయ దగ్గరే ఉండమని నేను దీనికి చెప్పానా లేదా?"

గుండీ చేతిలోని బరువైన సంచీ కింద పెట్టింది. "చెప్పావు. ఇది సరేనంది కూడా. అంతలో నీ చెప్పు అలల్లో కొట్టుకుపోయింది. నీలం పట్టీల చెప్పు. నువ్వు కెవ్వుమన్నావు. నీ చెప్పు కోసమే ఇది కాయని వదిలేసి పరిగెత్తింది. చెప్పు దొరికింది, కాయ పోయింది."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. చెప్పు సంగతి ఇద్దరూ మరిచేపోయారు.

"నీలం పట్టీలే," అంది జేబు నెమ్మదిగా. "మోకాళ్ల దాకా తడిసిపోయాను దాని కోసం."

కాలరు బ్యాగు భుజానికి తగిలించుకుని లేచింది. గుండీకి అదే పదివేలు.

దారి కూడా గుండీయే చూపించింది. గడియార స్తంభం దాకా వెళ్లి, ఎడమకి తిరిగి, తాళాల వీధిలోంచి నడిపించింది. వీధిలో ఇప్పుడు తాళాలు లేవు, అన్నీ సెల్‌ఫోన్ షాపులే. అయినా ఆమె తడుముకోలేదు. జేబు గాజులు బేరమాడి బేరమాడి చివరికి వట్టి చేతులతో వచ్చేసిన చోటు, కాలరు గొడుగు గాలికి తిరగబడిన చోటు, ఒక్కొక్కటే చూపిస్తూ నడిచింది. వీధి చివరికి వచ్చేసరికి మాత్రం, అవతలి రోడ్డు మీద లారీలు బాగా ఎక్కువైనట్టున్నాయని విసుక్కుంది. మిగతా ఇద్దరూ అప్పటికే నవ్వుల్లో పడి అది వినిపించుకోలేదు.

"వచ్చేటప్పుడు కాయని దర్జాగా కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టారు, గుర్తుందా?" అంది గుండీ. "దీనికి టిక్కెట్టేదని కండక్టరు వేళాకోళమాడితే, ఇదుగోనండీ అని నిజంగానే చూపించారు."

కాలరు పొట్ట పట్టుకుని నవ్వింది. కోపం మొత్తం దిగిపోయింది. కళ్లు తుడుచుకుని, "అవునూ, పుచ్చకాయకి టిక్కెట్టెందుకు తీసుకున్నామే మనం?" అంది.

జేబు కాసేపు ఆలోచించింది. అప్పట్లో బుర్రలు అలా ఉండేవిలెమ్మంది.

"అదిగో, మెట్లు వచ్చేశాయి," అంది గుండీ. "జాగ్రత్త. చివరి మెట్టు విరిగి ఉంటుంది."

చివరి మెట్టు సిమెంటు చేసి శుభ్రంగా ఉంది. రెండు గోడల మధ్య నుంచి ఆ మెట్లు దిగితే ఎదురుగా ఇసుక, ఆపైన అంతా నీళ్లే. కాలరూ జేబూ చెప్పులు చేతపట్టుకుని, చిన్నపిల్లల్లా ఒకరి చెయ్యి ఒకరు లాక్కుంటూ తడి ఇసుక మీదికి వెళ్లిపోయారు. చీరలు తడుస్తున్నాయని కూడా చూసుకోలేదు. ఇందాక బస్సులో పోట్లాడుకున్నది వీళ్లేనంటే ఎవరూ నమ్మరు.

కాసేపటికి మూడో మనిషి జాడ లేదని జేబు వెనక్కి తిరిగి చూసింది. గుండీ ఇంకా మెట్ల దగ్గరే ఉంది. సంచీలోంచి పెద్ద పుచ్చకాయ తీసి, దాన్ని రెండు చేతులా గుండెకి అదుముకుని, కదలకుండా నిలబడిపోయింది. కళ్లు నీళ్ల మీదే ఉన్నాయి. ఇద్దరూ వెనక్కి నడిచి వెళ్లారు.

"రావే," అంది కాలరు. "ఏమైందే నీకు?"

గుండీ వాళ్ల వైపు చూడలేదు. ఒక అల విరిగి, వెనక్కి వెళ్లేదాకా ఆగింది.

"ఆ రోజు నా టిక్కెట్టు మీద కాయని తీసుకెళ్లారు. తర్వాత కంపెనీలో రోజూ అన్నం తినేటప్పుడు నాకు అన్నీ చెప్పారు గదే," అంది. "సముద్రం ఇంత చప్పుడు చేస్తుందని మాత్రం ఒక్కరూ చెప్పలేదేం?"