గుర్తు తెలియని వాహనం

మోటారు సైకిలు వెనక చక్రం ఒక పక్కకు వంగిపోయింది. సైలెన్సరు ఊడి తీగకు వేలాడుతోంది. సీటు చీలి లోపలి స్పాంజి బయటికి తన్నుకొచ్చింది. దాని మీద ఎండిన మరక ఒకటి, ఈగలు ముసురుతున్నాయి.

కేశవ ఒకసారి చూసి ముఖం తిప్పుకున్నాడు.

ఇన్సూరెన్సు కంపెనీ తరఫున దెబ్బ తిన్న బళ్లను చూసి, ఎంతవరకు ఇవ్వొచ్చో రాసిపెట్టడం అతని పని. పద్దెనిమిదేళ్లుగా నుజ్జునుజ్జయిన బళ్లు ఎన్నో చూశాడు. ఏ బండి దగ్గరా ఇలా ముఖం తిప్పుకోలేదు. పొద్దున ఫైలు చేతికి వచ్చినప్పటి నుంచి, ఇది వేరే సర్వేయరుకు పోయుంటే ఎంత బాగుండేదో అనుకుంటూనే ఉన్నాడు.

ధర్మవరం బయట రేకుల షెడ్డు. మిట్టమధ్యాహ్నం. కాలిన ఆయిలు కంపు గొంతుకు అడ్డం పడుతోంది.

మెకానిక్కు ఓబిలేష్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. అతని నోట్లోంచి గుట్కా వాసన కొట్టింది.

“సార్, ముందర చక్రం ఫోర్కు ఎప్పుడో వంగిండాది. దాన్నీ ఇందులోనే కలిపి రాసేద్దాము. మీ సంగతి నేను చూసుకుంటా.”

“నువ్వు అట్లా పక్కకు పోప్పా” అన్నాడు కేశవ. ఒళ్లంతా చీదరగా అనిపించింది.

బండి యజమాని ఆదెన్న గోడ నీడలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. చుట్టుపక్కల ఊళ్లలో మగ్గాల మీద నేసిన చీరలను మూటగట్టి, ధర్మవరం అంగళ్లకు చేరవేస్తాడు. బండి లేకపోతే అతనికి పనే లేదు.

“ఎట్లా జరిగిందో చెప్పు” అన్నాడు కేశవ, ఫారం మీంచి తల ఎత్తకుండా.

“మొన్న ఆదివారం సాయంత్రం సార్. నేనూ మా ఆడామె తిరుపాలమ్మా వస్తాండాము. గొర్రెల మంద రోడ్డు దాటతాంటే, బండి పక్కకు తీసి నిలిపినా. ఇంజను కూడా ఆపేసినా. ఎనక నుంచి కారొచ్చి గుద్దేసింది. ఆమె ఎగిరిపోయి కాలవలో పడింది.”

“కారు ఆపినాడా?”

“ఆపినాడు సార్. అదే నాకు మింగుడు పడకుండా ఉండేది. ఆపకుండా పోయింటే, చూసుకోలేదేమో అనుకుందును. ఒక నిమిషం నిలబెట్టినాడు. దిగుతాడు, ఒక చెయ్యి వేస్తాడు అనుకున్నా. కారు ఎనక్కి తీసుకొని, పక్క నుంచి పోయినాడు. ఆమె అరస్తానే ఉండాది.”

ఓబిలేష్ తుపుక్కున ఉమ్మాడు. “వాడు అన్నమే తింటాండాడా సార్, గడ్డి తింటాండాడా?”

కేశవ ఫారంలో తరవాతి గడి మీద పెన్ను పెట్టాడు.

“నెంబరు చూసినావా?”

“లేదు సార్. తెల్ల కారు, అంతే.”

ఫారంలో ఆ ప్రశ్న ఒక్కసారే ఉంది. కేశవ మళ్లీ అడిగాడు.

“ఒక్క అంకె కూడా గుర్తు లేదా?”

“లేదు సార్. పోలీసోళ్లూ అదే అడిగినారు. అద్దాలు నల్లగుండె, లోపల మనిషి కూడా కనపడలేదు.”

“ఇప్పుడు ఆమెకు ఎట్లుంది?”

“తొడ ఎముక విరిగింది. కడ్డీ వేసినారు. మగ్గం గుంతలో కూచుని కాలితో తొక్కేది ఆరు నెలలు వద్దన్నారు. ఆ తరవాత గూడా చెప్పలేమన్నారు. పదేండ్ల పిల్లప్పటి నుంచి నేస్తాండాది సార్. ఇంట్లో మగ్గం చప్పుడు లేకుంటే నిద్ర పట్టల్యా అంటాది.”

కేశవ కాగితాలు బండి మీద పడేసి షెడ్డు వెనక్కి వెళ్లాడు. పాత టైర్ల పక్కన వంగి, పొద్దున తిన్నదంతా కక్కేశాడు.

తల ఎత్తేసరికి ఆదెన్న చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఎండ దెబ్బ సార్. నిదానంగా తాగండి.”

తాగక తప్పింది కాదు.

కేశవ రాస్తే సగం కోతే అని మెకానిక్కులందరికీ తెలుసు. అరిగిపోయింది, పాతబడింది, దీనికి సంబంధం లేదు అంటూ ఒక్కొక్కటీ కొట్టేస్తాడు. ఆ రోజు ఒక్కటి కూడా కొట్టేయలేదు. ఆఖరికి ఆ ముందర ఫోర్కును కూడా రాసేశాడు. ఓబిలేష్ కాగితం కేసీ కేశవ ముఖం కేసీ మార్చి మార్చి చూశాడు.

కింద ఒక గడి మిగిలింది. ఢీకొన్న వాహనం వివరాలు. కేశవ అక్కడ చాలాసేపు ఆగాడు. చివరికి ‘గుర్తు తెలియని వాహనం’ అని రాసి, సంతకం గీకాడు.

ఆదెన్న కళ్లు తడిశాయి.

“ఆ పొద్దు నుంచి మనిషంటేనే అసయ్యం పుట్టింది సార్. మీ అసుమంటోళ్లు కూడా ఉండారని మా ఆమెకు చెప్తా” అంటూ కాళ్లకు దండం పెట్టబోయాడు.

కేశవ నిప్పు తగిలినట్లు వెనక్కి గెంతాడు.

“ముట్టుకోవద్దు నన్ను.”

ఆదెన్న ముఖం చిన్నబోయింది. ఓబిలేష్ అదోలా చూశాడు. మంచి చేసి కూడా ఈ మిడిసిపాటు ఏమిటో అతనికి అర్థం కాలేదు.

కేశవ ఇంకేం మాట్లాడకుండా సంచీ భుజానికి తగిలించుకుని రోడ్డు మీదికి వచ్చాడు. నోరు ఇంకా చేదుగానే ఉంది. ఆటో కోసం చెయ్యి ఎత్తుతుండగా జేబులో ఫోను మోగింది. హిందూపురం నుంచి.

“సార్, మీ కారు ముందర బంపరు మార్చేసినాము, మీరు చెప్పినట్లే ఆదివారం రోడ్డు మీద బర్రె అడ్డమొచ్చి తగిలిందని క్లెయిము కాగితంలో రాసినాము.”