చెల్లెలు లేని పుస్తకం

పుస్తకం మూడోసారి తిరగేసినా చెల్లెలికి తను కనబడలేదు.

అక్క గీసుకున్న అక్క జీవితకథ అది. పేజీకి నాలుగైదు బొమ్మలు, బొమ్మ కింద ఒకటో రెండో మాటలు. అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు. పక్కింటి కుంటి కుక్కకి కూడా ఒక పేజీ దక్కింది. ఒకే మంచం మీద, ఒకే దుప్పటి కోసం కొట్టుకుంటూ పెరిగిన చెల్లెలికి మాత్రం మచ్చుకి ఒక్క బొమ్మ లేదు.

"కుక్కపాటి కూడా చెయ్యనన్నమాట," అంది కాజాల మిషను ముందు కూర్చుని. చొక్కాలకి కాజాలు కుట్టడం ఆమె పని.

పక్కన గుండీలు కుట్టే పెద్దావిడ తలెత్తింది. "పోయిన మనిషి మీద అలకేమిటే, నీ పిచ్చిగాని."

"అలక కాదు పిన్నీ."

నిజంగానే అలక కాదు. ఆమెకి తెలియాల్సింది ఒక్కటే సంగతి.

అమ్మా నాన్నా పోయాక మిగిలింది వాళ్ళిద్దరే. బొమ్మలు గీసుకుని బతుకుతానంటూ ఒకరోజు అక్క పెట్టె సర్దుకుంది. నన్నొక్కదాన్నీ వదిలేసి పోతావా అని చెల్లెలు విరుచుకుపడింది. "పో. మళ్ళీ నాకు మొహం చూపించకు," అంది. అక్క వెళ్ళిపోయింది. చెల్లెలు గుమ్మం దాకా కూడా రాలేదు. నాలుగిళ్ళ అవతలే వీధి మలుపు. అక్కడ అక్క ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసిందా? గదిలోంచే చూసింది గాని, ఏడుపులో ఏమీ కనబడలేదు.

పంతానికి ఇద్దరూ ఇద్దరే. ఆ తర్వాత మాటల్లేవు. అక్కకి బాగాలేదని కబురు అందుకుని పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. పుస్తకం ఆ తర్వాతే బయటికొచ్చింది. అడగలేకపోయిన ప్రశ్నకి అందులోనైనా జవాబు ఉంటుందని ఆమె ఆశ.

మొహం చూపించకు అన్నందుకు కాబోలు, పుస్తకం నిండా అక్క మొహమే. కత్తెర పట్టుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, సూటిగా చూస్తున్న అక్క. ఆ కత్తెర పాలబడ్డ జుట్టు చెల్లెలిది. అది బొమ్మలో లేదు. సైకిలు తొక్కుతున్న అక్క వీపు, ఎగిరే జడ. వెనక కూర్చుని నడుం పట్టుకున్న చెల్లెలు లేదు. ఆ సైకిలు బోల్తాపడి మోకాళ్ళు చెక్కుకుపోయింది చెల్లెలికి. బొమ్మలో మాత్రం పేజీ పట్టనంత పెద్దగా, బెంబేలెత్తిపోయిన అక్క మొహం.

"పడింది నేను, దెబ్బలు నావి. బొమ్మ మాత్రం మహారాణిగారిది!"

అచ్చు కూడా అధ్వానం. మొదటి పేజీలన్నీ మసక. అక్క ఆరో తరగతికి వచ్చేసరికి ఉన్నట్టుండి ఆకు ఆకూ కనబడేంత తేట. సైకిలు పడ్డాక కొన్ని పేజీల పాటు ప్రతి బొమ్మలోనూ ఎడంపక్క ఏటవాలుగా ఒక సన్నటి గీత. ఆఖరి బొమ్మ మరీ ఘోరం. ముందు నిలువు చువ్వలు. వాటి అవతల అలుక్కుపోయిన వీధి. చివర ఒక మచ్చ. ఆ మచ్చే అక్క. అటు తిరిగి ఉందో ఇటు తిరిగి ఉందో తెలియదు. కింద ఒక్క మాటైనా లేదు.

చువ్వలు చూసి చెల్లెలి ప్రాణం చివుక్కుమంది. కలిసి బతికిన గది జైలని చెప్పడానికేగా!

సాయంత్రం పని దిగి తిన్నగా ప్రెస్సుకి వెళ్ళింది. యజమాని సిరా చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు.

"మా అక్క పుస్తకానికి ఇదేం అచ్చండీ? సగం పుస్తకం మసక. పైగా ఈ గీతలేమిటి?"

"అందరూ నన్నే తిడుతున్నారమ్మా. మీ అక్కగారు గీసిందే అలాగ. గీత తీసేస్తానంటే నా మీద కేకలేసింది. ఆవిడకి చూపు ఆనదేమోనని నేనూ అనుకున్నాను."

"మా అక్కవి డేగకళ్ళండీ. వీధి మలుపులో నిలబడి, ఇంట్లో ఎవరేం చేస్తున్నారో చెప్పేది."

"మరి నాకేం అర్థంకాలేదమ్మా. మసక బొమ్మలకే ఎక్కువ కష్టపడింది. ఆఖరిదైతే ఎన్నిసార్లు చించి గీసిందో! ఇది జనానికి తెలియదమ్మా అన్నాను. 'జనానికి అక్కర్లేదు, చూసినవాళ్ళకి తెలుస్తుంది' అంది."

"ఎవరు చూశారట?"

"అది నాకు చెప్పలేదు."

చెల్లెలు బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. ఒళ్ళో ఆఖరి పేజీ. దుఃఖం ఆగలేదు. కళ్ళు తుడుచుకుందామని కళ్ళజోడు తీసింది.

వీధి అలుక్కుపోయింది. మనుషులు మచ్చలయ్యారు.

కళ్ళజోడు పెట్టుకుంది. తేట. తీసింది. మసక.

గబగబా పేజీలు వెనక్కి తిప్పింది. అక్క ఆరో తరగతిలో ఉన్నప్పుడే తనకి మొదటి కళ్ళజోడు వచ్చింది. సైకిలు మీంచి పడ్డ రోజే దాని ఎడమ అద్దం మీద పగులు పడింది. ఈ బొమ్మల్లో అక్కని చూస్తున్నదంతా తనే.

మళ్ళీ ఆఖరి బొమ్మ తీసింది. ఆ చువ్వలు వాళ్ళ గది కిటికీవి.

ఆ రోజు ఆ కిటికీ వెనక చెల్లెలు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని ఏడ్చిందని అక్కకి తెలిసిందంటే, వీధి మలుపులో అక్క వెనక్కి తిరిగి చూసిందన్నమాట.