ఏడో నంబరు విద్యార్థి

“మళ్ళీ వచ్చింది సార్, ఏడో నంబరు!” అంటూ కంప్యూటర్ మాస్టారు తలుపైనా తట్టకుండా లోపలికొచ్చాడు.

ప్రిన్సిపాల్ ఉలిక్కిపడి కళ్ళజోడు సవరించుకున్నాడు. ఫైలు చదువుతున్నట్టు కనిపిస్తూ కునుకు తీయడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఫ్యాన్ గాలికి కర్టెన్ మెల్లగా పొంగి మెల్లగా తగ్గుతోంది. నిద్ర వదలని కళ్ళకి గది మొత్తం నీళ్ళ అడుగున ఉన్నట్టుంది.

కాలేజీకి ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడానికి ఇవాళే ఆఖరు రోజు. వడపోతలో రెండు మిగిలాయి. రెండూ ఊరికే దొరికేవే, ఎవరైనా తీసుకుని తమకి కావలసినట్టు మార్చుకోగలిగినవే. మొదటిదాంట్లో బయటివాళ్ళు కూడా అతిథుల్లా వచ్చి పాఠం వినొచ్చు. రెండోదాంట్లో రోల్ నంబరు లేనిదే గడప దాటనివ్వరు. పరీక్షించడానికి నెల రోజులపాటు లెక్చరర్లే విద్యార్థులయ్యారు. మొహమాటం లేకుండా లోపాలు చెప్పాలని పేర్లు తీసేసి, నంబరూ పాస్‌వర్డూ రాసిన చీటీలు కలిపి పంచారు. ఎవరిది ఏ నంబరో పంచినవాళ్ళకీ తెలీదు. సగం చీటీలు విప్పకుండానే సొరుగుల్లోనూ జేబుల్లోనూ ఉండిపోయాయి. ప్రిన్సిపాల్‌దీ అంతే, ఏ చొక్కా జేబులో వేశాడో ఆయనకే గుర్తులేదు.

విప్పినవాళ్ళు కూడా రెండో రోజుకే నీరసపడ్డారు. ఏడో నంబరు మాత్రం రోజూ రెండింటికి భూగోళం పాఠానికి ఠంచనుగా హాజరు.

“ఇవాళేం అడిగిందట?” అన్నాడు ప్రిన్సిపాల్.

మాస్టారు చదివాడు. “మేడం, భూమితోపాటు గాలి కూడా తిరుగుతుందన్నారు. మరి మా కిటికీలో మబ్బు అరగంట నుంచీ కదలదేం? నాకు రోజంతా ఇదొక్కటే కిటికీ.”

ప్రిన్సిపాల్ అప్రయత్నంగా బయటికి చూశాడు. లైబ్రరీ కప్పు మీద తెల్లటి మబ్బొకటి నిలబడి ఉంది. ఎంతసేపు చూశాడో ఆయనకే తెలీలేదు.

“ఇన్నేళ్ళ సర్వీసులో నన్నిలా ఎవరూ అడగలేదండీ,” అంది వెనకాలే వచ్చిన భూగోళం మేడం. “రెండెప్పుడవుతుందా అని చూస్తున్నాను. ఎవరో తెలిస్తే ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాలనుంది.”

“మనవాళ్ళెవరూ కారా?”

“అందరూ ఒట్టేసి మరీ కాదంటున్నారు సార్,” అన్నాడు మాస్టారు. “చీటీ ఏదో బయటివాళ్ళ చేతిలో పడినట్టుంది.”

“అంటే దొంగతనంగా దూరారన్నమాట.”

“దూరితే మన సొమ్మేం పోయింది సార్? ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, తీసుకోండి బాబూ అని వదిలేసిన సాఫ్ట్‌వేర్ ఇది. దానికి మనం గేటు పెట్టడమేంటి? మొదటిదే తీసుకుందాం. ఏడో నంబరుకీ చోటుంటుంది.”

“రెండోది తీసుకుంటే?” అంది మేడం.

“ఈ సాయంత్రమే ఆ నంబరు చెరిగిపోతుంది.”

ప్రిన్సిపాల్‌కి మనసు పీకింది. ఆ ప్రశ్నలంటే ఆయనకీ ఇష్టమే. రోజూ ఈ వేళకి ఏదో ఒక వంకతో మాస్టారిని పిలిపించుకుని వింటున్నాడు. కానీ రేపు ఎవడో దూరి పిచ్చిరాతలు రాస్తే మాట పడేది తనే.

“ఇవాళ మబ్బుల గురించి అడిగినవాళ్ళు రేపు ప్రశ్నపత్రం పట్టుకుపోతారు. లేనిపోని తలనొప్పి మనకెందుకు? రెండోదే,” అని సంతకం పెట్టేశాడు.

మేడం క్లాసుకి వెళ్ళిపోయింది. ఎవరి మొహం మీదో తలుపు వేసినట్టనిపించి ఆయనకి సాయంత్రం దాకా ఏ పనీ తోచలేదు.

ఇంటికొచ్చేసరికి హాల్లో పల్చటి ఎండ పరుచుకుని ఉంది. భార్య టీ ఇచ్చి, ఎప్పుడూ లేనిది ఎదురుగా కూర్చుంది.

“కాలేజీలో ఏం తేల్చారండీ?”

పాతికేళ్ళ కాపురంలో ఆవిడ కాలేజీ సంగతి అడగడం ఇదే మొదలు. ఆయనకి ముచ్చటేసింది.

“రోల్ నంబరుంటేనే లోపలికి. మధ్యలో ఎవడో దొంగ దూరాడులే, తీయించేశాను. పాపం, ప్రశ్నలు మాత్రం భలే అడిగేవాడు.”

“బాగా అడిగేవాడా?”

“మేడం మురిసిపోయేది. నిజం చెప్పొద్దూ, నేనూ అంతే.”

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

“అదేంటే, ఏమైంది?” అన్నాడాయన కంగారుగా.

“దొంగ కాదండీ, నేనే.”