పెట్టె దిగిన కాళ్ళు

“మళ్ళీ దూకు,” అంది ఫిజియో.

హర్డిల్స్ అమ్మాయి చెక్కపెట్టె ఎక్కి కిందికి దూకింది. పాదాలు నేలకి తగలగానే కుడి మోకాలు లోపలికి వాలి, ఎడమ మోకాలికి కొట్టుకుంది. ఇది మూడోసారి.

ఫిజియో నొసలు ముడిపడింది. టాబ్లెట్‌లో పోయినేడాది వీడియో పెట్టి చూసింది. అదే పెట్టె, అదే అమ్మాయి. మోకాళ్ళు మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి.

“ఎల్లుండే సెలెక్షన్ మేడమ్. ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టేద్దురూ,” అన్నాడు కోచ్, తలుపు దగ్గర నిలబడి. “ఒంట్లో నలతగా ఉందేమో, అంతే.”

“నలత చేస్తే మోకాలు ఇలా వాలిపోతుందా మాస్టారూ? ఈ కాలితో హర్డిల్ దూకిస్తే ఏదో ఒక రోజు మోకాల్లో లిగమెంట్ తెగి కూర్చుంటుంది. మీరు కాసేపు బయటుండండి.”

కోచ్ గొణుక్కుంటూ వెళ్ళాడు. ఫిజియో తలుపు దగ్గరికి వేసి, ఇవాళ్టి వీడియోని పాతదాని పక్కన పెట్టింది. రెండుసార్లు చూసింది. మూడోసారి అమ్మాయి మొహం చూసింది.

“మూడేళ్ళ వీడియోలున్నాయి నా దగ్గర. అన్నిట్లోనూ పెట్టె దిగేటప్పుడు ఎడమకాలే ముందు కదిలింది. ఇవాళ ప్రతిసారీ కుడికాలు. మొహం అదే, కాళ్ళే వేరు. నా కళ్ళు కప్పాలని చూడకు. ఎవరు నువ్వు?”

అమ్మాయి మెడ మీది చెమట తుడుచుకుంది.

“ఆ వీడియోల్లో ఉన్నది మా అక్క మేడమ్. మేం కవలలం.”

“అనుకుంటూనే ఉన్నా! కాలికి దెబ్బ తగిలితే దాచిపెట్టి నిన్ను పంపిందా? ఎంత గుండె ధైర్యం! ముందు ఆవిణ్ణి పిలువు. ఎల్లుండి ట్రాక్ మీద కూలబడేది తను. నేను చూడాల్సింది తన మోకాళ్ళు, నీవి కాదు.”

“రాదు మేడమ్. నిన్న నేను మెట్లు దిగలేక కూర్చుని ఏడుస్తుంటే చూసింది. ఇంక చచ్చినా రానని ఒట్టు పెట్టుకుంది.”

“నీకు నొప్పొస్తే తను పరుగు మానెయ్యడమేమిటి?”

అమ్మాయి తలొంచుకుంది.

“అక్క ఎప్పుడూ పరిగెత్తలేదు మేడమ్. ఏటా ఈ పరీక్షకి మాత్రం వచ్చేది. పరుగులన్నీ నావే.”