ఈశాన్యం రాయి

"రాయి ఎక్కడ దాచావో మర్యాదగా చెప్పు బసవయ్యా!"

సాంబమూర్తి గొంతు కాలవ అవతలి గట్టుదాకా వినిపించింది. బెజవాడలో తన బట్టల కొట్లో ఆయన ఎప్పుడూ ఇంత గట్టిగా మాట్లాడడు. అక్కడ కొనేది ఎదుటివాళ్ళు. ఇక్కడ కొన్నది తను.

కంకిపాడు దగ్గర కొత్తగా కొన్న ఆ పొలానికి మూడు మూలల్లో సర్వే రాళ్ళు దొరికాయి. ఒక్కోదాని నెత్తిన చెక్కిన బాణం గుర్తు చూసి, అదేదో తన ఇంటిపేరైనట్టు సాంబమూర్తి మురిసిపోయాడు. నాలుగోది, ఈశాన్యం మూల రాయి, లేదు. ఆ మూలని ఆనుకుని ఉన్న పొలం బసవయ్యది. ఇంక ఆలోచించేదేముంది?

"నేనెందుకు పీకుతానండీ?" అన్నాడు బసవయ్య. "ఆ మూలంతా మొన్నటిదాకా ముళ్ళపొద. మేమెవరమూ అటుపోయేవాళ్ళమే కాదు. వేసవిలో ఈ తల్లి వెలిసిందని ఆడోళ్ళు చూసొచ్చి చెప్పాకే కదండీ, పొద కొట్టి దారి చేశాం."

పొద కొట్టేసిన చోట జానెడెత్తు తల్లి, ఒళ్ళంతా పసుపుతో, కుంకం బొట్లతో నిండుగా ఉంది.

"లెక్క ప్రకారం ఈ చుట్టుపక్కలే ఉండాలండీ," అన్నాడు కరణం వెంకటసుబ్బారావు. పొద్దుట్నుంచీ ఇద్దరు మనుషులు పలుగులతో తల్లి చుట్టూ తవ్వుతూనే ఉన్నారు.

"తవ్వండి. అమ్మవారికి మాత్రం పలుగు తగిలిందో, నేనూరుకోను," అన్నాడు సాంబమూర్తి.

పొద్దున బండి దిగగానే ఆయన చేసిన మొదటి పని, తల్లికి కొబ్బరికాయ కొట్టి, రాయి దొరికేలా చూడమని మొక్కుకోవడం. తల్లి మీంచి జారిన కొబ్బరినీళ్ళు దోసిట పట్టి కళ్ళకద్దుకుని తాగాడు. చేతికంటిన తడి నెత్తిన రాసుకున్నాడు. భార్య భద్రమ్మ మాత్రం తీర్థం పుచ్చుకోలేదు. ఒంట్లో బాగాలేదంది.

"సరే, తడిబట్టలతో అమ్మవారి మీద చెయ్యేసి ప్రమాణం చెయ్యి," అన్నాడు సాంబమూర్తి.

గట్టు మీద చేరిన ఊరి ఆడా మగా ముందుకు జరిగారు. బసవయ్య మొహం నల్లబడింది.

"ఇంతవరకూ నన్ను దొంగన్నోడు లేడండీ."

"లేకపోతే మరి భయమెందుకూ?"

"భయం కాదండీ. ఉన్నది ఈ ఒక్క పంచె. ఇంకోటి కొందామంటే, కంట్రోలు ధరకిచ్చే బట్ట ఎప్పుడడిగినా మీ కొట్లో అయిపోయిందంటారు."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. సాంబమూర్తి, వానొచ్చేలా ఉందా అన్నట్టు ఆకాశంకేసి చూశాడు.

బసవయ్య కాలవలో మునిగి వచ్చాడు. నీళ్ళు కారుతున్న ఒంటితో మోకాళ్ళ మీద కూలబడి తల్లిని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"అమ్మా, నేను హద్దురాయి కదిపి ఉంటే నా పిల్లలు నాకు దక్కకూడదు!"

అతని జుట్టులోంచి, భుజాల మీంచి నీళ్ళు ధార కట్టాయి. పసుపు కరిగింది. కుంకం కరిగింది. తల్లి నెత్తిన బాణం గుర్తు తేలింది.

కరణం వంగి, కండువా కొసతో మిగతాది తుడిచాడు.

"ఇదిగోనండీ మీ రాయి. దీన్నెవరూ పిసరంత కూడా కదపలేదు."

బసవయ్య ఏడుస్తున్నాడు. సాంబమూర్తికి చెవులు భగ్గుమన్నాయి. ఎటు చూసినా ఎవరో ఒకరి కళ్ళు తగులుతుంటే, చివరికి తన చెప్పుల్ని చూసుకున్నాడు. మెడలో జరీ కండువా తీసి బసవయ్య భుజాల మీద కప్పబోయాడు. బసవయ్య పక్కకి జరిగాడు.

"వద్దులెండి. తడిసిపోద్ది."

ఆ మాటకంటే రెండు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది సాంబమూర్తికి. కానీ సిగ్గుని ఒక్కడే మోయడం ఆయనకి అలవాటు లేదు. చుట్టూ చూశాడు. ఆడవాళ్ళు కనిపించారు.

"అసలు హద్దురాయికి పసుపు పూసి అమ్మవారిని చేసిందెవరు? ఆ తెలివితక్కువవాళ్ళ మూలానే కదా, ఇంత పెద్దమనిషిని నేను మాటన్నాను!"

భద్రమ్మ వెనకనుంచి చొక్కా పట్టుకు లాగింది. "ఊరుకోండి. పోదాం పదండి."

"నువ్వుండవే! ఎవరో తేలాల్సిందే. ఇంతమంది ముందూ తేలాలి."

"నేనేనండీ," అంది భద్రమ్మ.

"నువ్వా? నీకేం పొయ్యేకాలం?"

ఆవిడ మెల్లగానే చెప్పింది. కానీ గట్టు మీదున్న అందరికీ వినిపించింది.

"రిజిస్ట్రేషన్ నాడు పొలం చూడ్డానికొచ్చి, మీరు జంధ్యం చెవికి చుట్టుకుని ఆ పొద చాటుకెళ్ళారు కదా. తర్వాత చూద్దును కదా, అక్కడ తడిసిన రాయి! ఏ దేవతో ఏమోనని నాకు వణుకొచ్చింది. కాలవలు కట్టేసిన రోజులు, కడుగుదామంటే చుక్క నీళ్ళు లేవు. దాని మీదే పసుపు రాసేశాను."