పద్దెనిమిది ఆంపియర్లు

"రెండు రోజులకు ఒక ఆమ్మీటరు కావాలమ్మా."

కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్ గుమ్మంలో నిలబడి అడిగాడు పెద్దాయన. ప్రిన్సిపాల్ అనుమతి కాగితం ముందుకు చాపాడు.

ల్యాబ్ అసిస్టెంటు కాగితం చూడలేదు. దాన్ని పట్టుకున్న చేతికి చిటికెన వేలు లేకపోవడం చూసింది.

పద్నాలుగు నెలలుగా ఆమె ఆ చేతి కోసమే కాచుకుని ఉంది.

హోటల్ లాండ్రీలో ఇస్త్రీపెట్టె తీగ అంటుకున్న రోజు, ఆ పెట్టె దగ్గర పని చేస్తున్నది ఆమె తమ్ముడే. రెండు అరచేతులూ కాలాయి. మర్నాడు ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు ఒకాయన వచ్చాడు. పెట్టె తిప్పి చూసి, ఏదో రాసుకుని పోయాడు.

"చిటికెన వేలు లేదక్కా. నా మొహం వంకైనా చూడలేదు," అన్నాడు తమ్ముడు.

నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. పెట్టెలో లోపం లేదు, పనివాడి నిర్లక్ష్యం. కింద కోడిగీతల సంతకం.

ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఏ లాండ్రీ మెట్లెక్కినా, "నిప్పుగాడొచ్చాడ్రోయ్, నీళ్లు పట్టండి!" అని నవ్వడమే.

"దేనికండీ మీటరు?" అంది, గొంతు మామూలుగా పెట్టుకుని.

"ఎల్లుండి హోటల్ మంటల కేసు మళ్లీ విచారిస్తున్నారు. సీలు వేసిన ఇస్త్రీపెట్టెను అందరి ముందూ విప్పి పరీక్షించాలి. ఒక్కసారికే ఒప్పుకున్నారు."

ఎల్లుండి సంగతి ఆమెకు తెలియనిదా! పనివాళ్ల సంఘం పోరాడి తిరిగి తెరిపించిన కేసు. తమ్ముడి బతుకంతా దాని మీదే వేలాడుతోంది.

"మీ ఆఫీసులో మీటర్లు కరువా?"

"ఇప్పుడు నాకు ఆఫీసు లేదమ్మా."

పెన్షను తింటూ కాలు మీద కాలేసుకు కూర్చున్నావన్నమాట, అనుకుంది.

"లెక్కయినా గుర్తుందా, అదీ మర్చిపోయారా?"

ఆయన నొచ్చుకోలేదు. జేబులోంచి పెన్సిలు తీశాడు.

"వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం. గుణిస్తే పవరు. పెట్టె మీద వెయ్యి వాట్లని ఉంది. రెండు వందల ముప్ఫై వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్లు దాటకూడదు. తీగ ఆరు దాకా ఓర్చుకుంటుంది. పాపం, ఆ అబ్బాయి..."

"కేసు కబుర్లు నాకెందుకులెండి. రిజిస్టరులో సంతకం పెట్టండి."

తమ్ముడి ఊసు ఆ నోట వింటే చెయ్యి చేసుకునేదే.

బీరువాలో ఒకేలాంటి మీటర్లు రెండున్నాయి. ఒకటి పిల్లలు కింద పడేసింది. అప్పటినుంచీ ఉన్నదానికి సరిగ్గా రెట్టింపు చూపిస్తోంది. 'వాడరాదు' అని ఎర్రచీటీ అంటించింది ఆమే.

బీరువా తలుపు చాటున ఆ చీటీ ఒలిచేసింది. మీటరు వెనక ఉన్న కాలేజీ నంబరును బ్లేడుతో గీకేసింది.

తమ్ముడు అబద్ధం చెప్పడు. కానీ పెట్టె గుణం ఎవరికి తెలుసు? అది నిక్షేపంలా ఉన్నా సరే, ఇందులో తొమ్మిది చూపిస్తుంది. లోపం లేదని రాసినవాడు తన నోటితోనే లోపం ఉందని చెప్పుకోవాలి. నలుగురిలో తల దించుకోవాలి.

"సరిగ్గా చూపిస్తుంది కదమ్మా?"

"నేను రోజూ తుడిచి పెట్టే మీటరండీ."

"ఇంకేం మరి. చల్లగా ఉండు తల్లీ."

ఆయన వెళ్లాక ఆమె చేతులు కడుక్కుని, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

విచారణ రోజు తమ్ముడు లోపలికి వెళ్లాడు. వసారా బెంచీ మీద ఆమె కూర్చుంది. అరగంటకు లోపలినుంచి పెద్దగా నవ్వులు వినిపించాయి. ఆమె కూడా నవ్వుకుంది.

తలుపు తెరుచుకుని ముందుగా పెద్దాయన వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. ఆమెను చూసి ఆగాడు.

"నువ్వూ వచ్చావా అమ్మా?"

"ఎంత చూపించిందండీ మా మీటరు?"

"పద్దెనిమిది."

"పద్దెనిమిదా?"

"అక్కడి ఫ్యూజు పదిహేను ఆంపియర్లది. పద్దెనిమిది లాగి ఉంటే మంటకన్నా ముందు ఫ్యూజే ఎగిరిపోయేదన్నారు. బల్బు తగిలించి చూస్తే దానికీ రెట్టింపే చూపించింది. దొంగ మీటరు తెచ్చానని తేల్చేశారు. పరీక్ష అయిపోయింది, రెండోసారి కుదరదన్నారు."

పద్దెనిమిదిలో సగం తొమ్మిది. వద్దనుకున్నా ఆమె బుర్రలో లెక్క నడుస్తూనే ఉంది. తొమ్మిదిని రెండు వందల ముప్ఫైతో గుణిస్తే రెండు వేల డెబ్భై వాట్లు. వెయ్యి వాట్ల పెట్టెలో ఎవరో రెండు వేల కాయిల్ బిగించారు. ఫ్యూజు పోదు, ఆరు ఆంపియర్ల తీగ మాత్రం కాలుతుంది.

ఉన్నది ఉన్నట్టు చూపించినా సరిపోయేది.

"తప్పు నాదే," అన్నాడాయన, మీటరు ఆమె ఒళ్లో పెడుతూ. "ఆ బల్బేదో ముందే తగిలించి చూసుకోవాల్సింది. ఎవరిచ్చారని గుచ్చి గుచ్చి అడిగారు. చెప్పలేదులే. నీ ఉద్యోగానికి ఎసరు ఎందుకు?"

మెట్లు దిగి వెళ్లిపోయాడు.

కాసేపటికి తమ్ముడొచ్చాడు. పక్కన కూలబడ్డాడు.

"కొట్టేశారక్కా. ఇంక ఎక్కడా చెప్పుకునేది లేదు."

"అంతా ఆ వేలు లేనివాడు..." ఆమె ఒళ్లోని మీటరు మీదికి కొంగు లాక్కుంది.

"ఆయన్నేమీ అనకక్కా. మన సంఘంవాళ్లు తెస్తామన్న సాక్షి ఆయనేనని నాకూ లోపలికెళ్లాకే తెలిసింది. ఆ రిపోర్టు రాసింది ఇంకొకడట. తప్పు నాదని రాయమంటే రాయనని, ఇన్‌స్పెక్టరు ఉద్యోగం పోగొట్టుకున్న మనిషక్కా ఆయన."